పరుల మనస్సును చదువు విద్య

ఒకని మనస్సులోని తలంపు, అతడు నోరు విప్పకయే, వేరొకనికి తెలియునా? ఈ ప్రశ్న నేటిది కాదు. పతంజలి యోగసూత్రములలో విభూతిపాదమున పరచిత్తజ్ఞానము ఒక సిద్ధిగా పేర్కొనబడినది. కాని అచ్చటనే దానికొక హద్దు చెప్పబడినది. ఎదుటివాని చిత్తము అనురాగముతో నిండియున్నదని యోగికి తెలియవచ్చును. ఆ అనురాగము ఏ వస్తువుమీదనో, ఏ మనుష్యునిమీదనో మాత్రము దానివలన తెలియదని వ్యాఖ్యాతలు వివరించిరి. ఇట్టి సిద్ధులు సమాధికి అంతరాయములనియు ఆ పాదముననే కలదు. శాస్త్రము ఇంత పొదుపుగా మాటాడిన విషయమున, రంగస్థలముమీద నిలిచిన యొకడు "మీరు తలంచినది ఇస్పేటు రాణి" యని తడుముకొనక చెప్పినచో, అతడు యోగులను సైతము మించినవాడై యుండవలెను; లేదా అతడు చేయుచున్నది వేరొక పనియై యుండవలెను. ఆ వేరొక పని యెట్టిదో శ్రోతలకు విన్నవించుటయే ఈ ప్రసంగమున కుద్దేశము.

ఇట్టి విద్య మనకు క్రొత్తది కాదు. బుట్ట చంకనిడుకొని వచ్చి చేయి చూచి ఎరుక చెప్పు ఎరుకలసాని, పంజరములోని చిలుకచేత చీటి తీయించు జోస్యుడు, తమలపాకునకు కాటుక పూసి పోయిన సొమ్ము జాడ చెప్పెదనను అంజనగాడు, దుప్పటి కప్పుకొని పడుకొన్న బాలునిచేత చుట్టు నిలిచినవారి చేతులలోని వస్తువుల పేర్లు చెప్పించు గారడివాడు, వీరినందరిని మన సంతలలోను తిరునాళ్ళలోను చూచియే యున్నాము. వీరి విద్యలోని కొంత భాగమును, పాశ్చాత్యదేశములలో పెరిగిన ఇంద్రజాలములోని కొంత భాగమును కలిపి, మంచి దుస్తులు తొడిగి, దీపముల వెలుగున నిలిపినచో, నేడు మెంటలిస్టు అని పిలువబడు ప్రదర్శకుడగును.

అట్టి ప్రదర్శన మొకటి క్రిందటి మాఘమాసమున మా నాయుడుపేటలో జరిగినది. మా యూరు స్వర్ణముఖీతీరమున, చెన్నైనుండి ఉత్తరమునకు పోవు రైలుమార్గముమీద నున్నది. 2022 వరకు నెల్లూరు జిల్లాలోనిది. ఆ యేట జరిగిన జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరినది. ఒక కల్యాణమండపమున ఏర్పాటైన ఆ ప్రదర్శనమునకు టిక్కెట్టు కొని నేను మూడవ వరుసలో కూర్చుంటిని. చిరకాలము బడిపిల్లలకు పాఠములు చెప్పినవాడనగుటచే ఒక అలవాటు నన్ను విడువలేదు. చేతిలో చిన్న పుస్తకమును, పెన్సిలును ఉంచుకొని, ప్రదర్శకుడు పలికిన మాటలను పలికినవి పలికినట్లే వ్రాసికొంటిని.

ప్రదర్శకుడు యువకుడు, తమిళపు యాస కలిసిన చక్కని తెలుగున మాటాడెను. మొదట సభవారినందరిని ఒక లెక్క చేయుమనెను. మూడంకెల సంఖ్య నొకదానిని తలంపవలెను. మొదటి యంకెకును కడపటి యంకెకును కనీసము రెండు తేడా యుండవలెను. దానిని తిరుగవేసి, పెద్దదానినుండి చిన్నదానిని తీసివేయవలెను. వచ్చిన శేషమును మరల తిరుగవేసి, ఈ పర్యాయము రెండింటిని కూడవలెను. అందరును ముగించిన పిమ్మట అతడు "మీ అందరి మనస్సులలోను ఒకే సంఖ్య నిలిచియున్నది, అది 1089" అని పలుకగా మండపము చప్పట్లతో మారుమ్రోగెను.

శ్రోతలు కాగితము తీసికొని చూడవచ్చును. 732 తలంచితిమనుకొందము. తిరుగవేసిన 237. తీసివేసిన 495. దానిని తిరుగవేసిన 594. రెండును కూడిన 1089. ఏ సంఖ్యతో మొదలుపెట్టినను ఫలము ఇదియే. కారణము తేటయైనది. ఆ తీసివేతలో పదులస్థానమున ఎల్లప్పుడు 9 వచ్చును. దాని కిరుప్రక్కలనున్న అంకెలు రెండును కలిపిన మరల 9 అగును. అట్టి సంఖ్యను తిరుగవేసి కూడినప్పుడు 900, 180, 9 చేరి 1089 కాక తప్పదు. ఇచ్చట చదువబడినది మనస్సు కాదు, గణితము. మనము స్వేచ్ఛగా నొక దారిని ఎన్నుకొంటిమని తలంచితిమి. దారులన్నియు నొక్క యూరికే పోవుచున్నవి.

గణితము లేనిచోట అలవాటు పని చేయును. "ఒకటి మొదలు పది లోపల ఒక అంకెను తలంపుడు" అని త్వరపెట్టి అడిగినచో, ఏడు తలంచువారి సంఖ్య తక్కిన యే అంకెను తలంచువారి సంఖ్యకంటెను అధికముగా నుండును. ఒకటియు పదియు అంచులనున్నవి, ఐదు నడుమనున్నది, సరిసంఖ్యలు మరీ సామాన్యముగా తోచును. నిండుసభలో ప్రదర్శకుడు "ఏడు" అనగానే ఆ యంకెను తలంచినవారందరు కేకవేయుదురు, తలంచనివారు ఊరకుందురు. కేక వినబడును, మౌనము వినబడదు.

తరువాత చీటీల వంతు వచ్చినది. కొందరు తమ ప్రశ్నలను చీటీలలో వ్రాసి, మడిచి, పళ్ళెములో వేసిరి. ప్రదర్శకుడు ఒక చీటిని విప్పకయే నొసటి కానించుకొని, అందులోని ప్రశ్నను చెప్పును. వ్రాసినవారు "అవును, నాదే" అని లేతురు. అప్పుడతడు చీటిని విప్పి, సరిచూచుకొన్నట్లు తల యూచి, మరియొకటి తీయును. ఈ ప్రదర్శనమునకు ఇంద్రజాలికులలో ప్రసిద్ధమైన మార్గమొకటి కలదు. మొదటి ప్రశ్న యొకటి అతనికి వేరు విధమున ముందే తెలిసియుండును. లేదా దానిని అడిగినవాడు అతని మనిషియే యగును. ఆ ప్రశ్నను చెప్పునప్పుడు అతని చేతనున్నది రెండవవాని చీటి. సరిచూచు నెపమున దానిని విప్పి చదివికొనును. మూడవ చీటిని నొసట నుంచుకొని రెండవవాని ప్రశ్నను చెప్పును. ఇట్లు తుదివరకు నొక్క చీటి ముందుగా నడచును. రేపటి పాఠమును ఈ రాత్రియే చదివికొని వచ్చు ఉపాధ్యాయుని పాండిత్యమువంటిది ఇది. శిష్యులకంటె ఒక్క పుట ముందున్న చాలును.

కన్నులకు గంతలు కట్టుకొన్న సహాయకురాలు సభలోని వస్తువులను పేర్కొనుట మరియొకటి. ఫ్రాన్సుదేశమున రాబర్ట్ హూడిన్ అను ప్రసిద్ధ ఇంద్రజాలికుడు 1846లో తన కుమారునితో ఇట్టి విద్యను పారిసు నగరమున ప్రదర్శించెను. ఇరువదవ శతాబ్దారంభమున జాన్సిగ్ దంపతులు లండనులో దీనితోనే పేరొందిరి. ఇందు కీలకము తరచుగా ప్రశ్నలోనే యుండును. "ఇదేమి?" అనుట కొక అర్థము, "ఇదేమో చెప్పుము" అనుట కొక అర్థము, "త్వరగా చెప్పుము" అనుటకు వేరొక అర్థము. వందలకొలది సంకేతములను కంఠస్థము చేయవలెను; తడబాటు లేక వాడవలెను. అమరకోశమును వల్లెవేసిన నావంటివానికి ఆ శ్రమ యెంతటిదో తెలియును. మోసమని తేలికగా తీసివేయుటకు వీలులేనంత సాధన అందులో కలదు.

ఇక దాచిన ఉంగరమును కనిపెట్టుట. దాచినవాని మణికట్టును పట్టుకొని ప్రదర్శకుడు సభలో నడచును. మెల్లగా ఆ చోటికే చేరును. పందొమ్మిదవ శతాబ్దమున వాషింగ్టన్ ఇర్వింగ్ బిషప్, స్టూవర్ట్ కంబర్లండ్ అనువారు దీనిలో ఖ్యాతి గడించిరి. మనస్సు ఒక దిక్కును తలంచినప్పుడు కండరములు మనకు తెలియకయే కొంచెము ఆ దిక్కునకు కదలును. ఈ సంగతిని ఆంగ్లవైద్యుడగు విలియం కార్పెంటర్ 1852లో వివరించెను. అనుభవముగల చేతికి ఆ కదలికయే త్రోవ చూపును.

ఈ విషయమున మనుష్యునికంటె గొప్ప గురువు ఒక గుఱ్ఱము. బెర్లిను నగరమున ఫాన్ ఓస్టెన్ అను విశ్రాంత ఉపాధ్యాయుడు హాన్స్ అను గుఱ్ఱమునకు లెక్కలు నేర్పెను. కూడికలు, తీసివేతలు అడిగినచో అది గిట్టతో అన్నిమారులు తట్టి జవాబు చెప్పెడిది. 1904లో పండితసంఘమొకటి పరీక్షించి మోసమేమియు లేదని తేల్చినది. పిమ్మట ఆస్కార్ ప్ఫుంగ్స్ట్ అను శాస్త్రజ్ఞుడు ఇంకను శ్రద్ధతో పరీక్షించి, ఆ ఫలితములను 1907లో ప్రకటించెను. జవాబు తెలియనివాడు ప్రశ్నించినచో గుఱ్ఱమునకు జవాబు రాలేదు. ప్రశ్నించువాడు దానికి కనబడకున్నను రాలేదు. తట్టుట సరియైన సంఖ్యకు చేరగానే ప్రశ్నించువాని తలలోను ముఖములోను కలుగు సూక్ష్మమైన కదలికను చూచి అది ఆగుచుండెను. యజమానికి సైతము ఈ సంగతి తెలియదు. నోరులేని పశువే మన ముఖమునుండి ఇంత గ్రహింపగలిగినప్పుడు, ఆ పనినే వృత్తిగా పెట్టుకొన్న మనుష్యుడు గ్రహింపలేడా?

అన్నిటికంటె సభను కదిలించినది స్వభావకథనము. ప్రదర్శకుడు ఒక నడివయస్సు స్త్రీని లేవదీసి, "అమ్మా, మీరు పైకి ధైర్యముగా కనబడుదురు, లోపల చాల బాధ దిగమ్రింగినారు. మీరు చేసిన మేలును కొందరు మరచిరి. ఇంటిలో పాతది ఒకటి, పనిచేయనిది, పారవేయలేక దాచియుంచినారు" అనెను. ఆమె కన్నుల నీరు నిండినది. కాని శ్రోతలారా, ఈ మాటలలో మీకు తగులనిది ఏది? మీ యింట పనిచేయని గడియారము లేదా?

1948లో అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు బెర్ట్రం ఫోరర్ తన విద్యార్థులు 39 మందికి ఒక పరీక్ష పెట్టి, ఎవరి స్వభావమును వారికి వేరువేరుగా వ్రాసి యిచ్చుచున్నానని చెప్పెను. అది తమకు ఎంతవరకు సరిపోయినదో అయిదు మార్కులకు వేయుడని కోరెను. వారు సగటున 4.26 వేసిరి. నిజమునకు అందరికిని ఇచ్చినది ఒక్కటే వ్రాత; దానిలో అధికభాగము అంగడిలో దొరకు జ్యోతిషపు పుస్తకమునుండి తీసినది. మన ఎరుకలసాని ఏ విశ్వవిద్యాలయమునకును పోకయే ఈ మర్మమును తరతరములుగా ఎరుగును. ఆమె ఒక మాట విసరును. మన ముఖము చూచును. ముఖము వికసించినచో ముందుకు సాగును, ముడుచుకొన్నచో మాట మార్చును. తుదకు చెప్పినది ఆమెయో మనమో మనకే తెలియదు.

ఇక నా చిన్న పుస్తకము సంగతి. నాలుగు దినముల పిమ్మట బజారులోని టీ అంగడియొద్ద ఆ ప్రదర్శనమునుగూర్చి జనులు చెప్పికొనుచుండిరి. "ఆ యమ్మ పేరడుగకయే, ఆమె మగని చేతిగడియారము ఆగిపోయిన సంగతి చెప్పినాడు" అని యొకరు. "ఏ సంవత్సరమున ఆగినదో కూడ చెప్పినాడు" అని మరియొకరు. నా పుస్తకమున నున్నది "పాతది ఒకటి, పనిచేయనిది" అను మాటలు మాత్రమే. గడియారమని పలికినది ఆ స్త్రీ. సంవత్సరము మాట ఎవరును పలుకలేదు. ఆ సాయంకాలము ఒక యువకునిగూర్చి చెప్పిన పదునొకండు మాటలలో అయిదు తప్పిపోయినవి. వానిలో ఒక్కటియు టీ అంగడివారికి జ్ఞాపకము లేదు. వీరెవరును అబద్ధమాడువారు కారు. సరిపోయినదానిని మనస్సు పెంచును, సరిపోనిదానిని రాల్చును. కావున ప్రదర్శకుని పనిలో సగమును అతడు రంగస్థలముమీద చేయును; తక్కిన సగమును మనము ఇంటికి పోయి చేయుదుము.

ఇచ్చట మన అవధానవిద్యను తలంపకుండుట నాకు సాధ్యము కాదు. అష్టావధానమున పృచ్ఛకులు అవధానికి సహాయులు కారు, అడ్డు తగులువారు. ఒకరు సమస్య నిత్తురు, ఒకరు దత్తపది నిత్తురు, నిషిద్ధాక్షరివారు అడుగడుగున అక్షరమును నిషేధింతురు, అప్రస్తుతప్రసంగి ఏకాగ్రతను చెరపజూచును, నడుమ మ్రోగు గంటలనుకూడ లెక్కింపవలెను. కడపట పద్యములనన్నిటిని ధారణ చేసి అప్పగింపవలెను. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారలు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములలో గడించిన కీర్తి ఇట్టి బహిరంగపరీక్షవలన వచ్చినది. అవధాని రహస్యమేమియు దాచడు. అతని బలము పరీక్ష పెరిగినకొలది పెరుగును. మెంటలిస్టు కళకు రహస్యము ప్రాణము. పరీక్ష కఠినమైనచో అది నిలువదు. రెండును కళలే, రెండింటికిని సాధన వలయును. అయినను ఒకటి మనస్సుయొక్క శక్తిని చూపును, రెండవది మనస్సుయొక్క లొంగుబాటును చూపును. ఈ రెండవ పాఠముకూడ మనకు అవసరమే.

అదెందులకందురా? ఆ ప్రదర్శనమునకు నాతో వచ్చినవారిలో సేద్యగాడైన నా మిత్రుడొకడు కలడు. అతని కుమారుడు మూడేండ్ల క్రిందట ఇంటిలో మాటపట్టింపు వచ్చి వెడలిపోయినాడు; నాటినుండి జాడ లేదు. ప్రదర్శనము ముగియగానే అతడు నా చేయి పట్టుకొని, "అయ్యవారూ, ఇన్ని చెప్పిన పిల్లవాడు నా కొడుకు ఎక్కడున్నాడో చెప్పలేడా?" యనెను. నేను ఊరడించు లోపలనే అతడు వేదికయొద్దకు పోయి ఆ మాటయే అడిగెను. ఆ యువకుడు చేతులు జోడించి, "పెద్దాయనా, నేను చూపింది ఆట. నాకు ఎవరి మనసూ తెలియదు. పోలీసులకు చెప్పండి" యనెను. ఆ రాత్రి చూచినవానిలో నాకు మిక్కిలి నచ్చినది ఆ మాట.

అటుపిమ్మట తెలిసినదేమనగా, సమీపగ్రామమున అంజనము వేయువా డొకడు, "మీవాడు పడమటి దిక్కున, నీళ్ళున్న యూరిలో, ఒక స్నేహితునియొద్ద నున్నాడు, ఇరువదివేల రూపాయలతో పూజ చేయించినచో తిరిగివచ్చును" అని యప్పటికే నా మిత్రునికి చెప్పియుండెను. ధాన్యము అమ్మిన సొమ్ము సిద్ధముగా నున్నది. నేను నా పుస్తకమును విప్పి, ఆ స్త్రీకి చెప్పిన మాటలను చదివి వినిపించితిని. "ఇవి నీకును సరిపోవునా?" అంటిని. "సరిపోవును" అనెను. "మనకు తూర్పున సముద్రము. ఇల్లు విడిచినవాడు తక్కిన మూడు దిక్కులలో నొకదానికే పోవలెను గదా! నీళ్ళు లేని యూరెక్కడ నున్నది? స్నేహితుడు లేని పిల్లవాడెవడు?" అంటిని. అతడు చాలసేపు మాటాడలేదు. మరునాడు ఇద్దరమును కుమారుని ఫోటో తీసికొని పోలీసు స్టేషనునకు పోయి ఫిర్యాదు వ్రాసి యిచ్చితిమి. ఆ పిల్లవాడు ఇంకను రాలేదు. కాని వాని రూపురేఖలు వెదకువారి చేతికి చేరినవి. తండ్రి సొమ్ము తండ్రియొద్దనే యున్నది.

ఇది మన పల్లెలకు మాత్రమే పట్టిన తెగులు కాదు. అమెరికాలో పీటర్ పొపాఫ్ అను మతప్రచారకుడు సభలో రోగుల పేర్లను, వ్యాధులను, ఇంటి నంబరులను దైవప్రేరణచే తెలిసినట్లు చెప్పుచుండెడివాడు. 1986లో జేమ్స్ రాండీ అను ఇంద్రజాలికుడును అతని మిత్రులును రేడియో యంత్రముతో ఆకాశతరంగములను పట్టి, ప్రచారకుని చెవిలో నొక చిన్న యంత్రము కలదనియు, సభకు ముందు జనులు వ్రాసి యిచ్చిన వివరములను భార్య తెరవెనుకనుండి చదివి వినిపించుచున్నదనియు లోకమునకు వినిపించిరి. మన దేశమున మహిమలచే రోగములు కుదుర్తుమను ప్రకటనలను నిషేధించుచు 1954లోనే చట్టము వచ్చినది. తెలుగునాట ఇంద్రజాలమును మనస్తత్త్వశాస్త్రముతో కలిపి ప్రదర్శించి, 2025లో గతించిన బి.వి. పట్టాభిరామ్ గారు ఇందులో మహిమలు లేవని వేదికలమీదనే చెప్పుచుండిరి. మోసమును కనిపెట్టుటకు పండితునికంటె ఇంద్రజాలికుడే సమర్థుడు. త్రోవలన్నియు అతడు ఎరుగును.

కావున ఇట్టి ప్రదర్శనములకు పోవలదని నేను చెప్పను. పొండు, పిల్లలను తీసికొనిపొండు, మనసార చప్పట్లు కొట్టుడు. ఇంటికి వచ్చిన పిమ్మట మూడు ప్రశ్నలు వారిచేత వేయింపుడు. అతడు చెప్పిన మాట నాకొక్కనికే తగునా, అందరికిని తగునా? ఆ మాటలో అతడు చెప్పినదెంత, నేను అందించినదెంత? తప్పిపోయిన మాటలెన్ని? ఈ మూడు ప్రశ్నలు వేయ నేర్చిన పిల్లవాడు రేపు పెద్దవాడై, రోగముతోనో, అప్పుతోనో, బిడ్డకొరకైన బెంగతోనో క్రుంగియున్న దినమున, ఎవడైన వచ్చి "నీ మనస్సు నాకు తెలియును" అన్నప్పుడు, చేతిసంచి విప్పకముందు ఒక్క నిమిషము ఆగును. ఆ యొక్క నిమిషమే విద్యకు ఫలమని మనవి చేయుచు విరమించుచున్నాను.